వెడల్పు చూసి కొన్న రవ్వలు

నగల దుకాణంలో నా పక్కన కూర్చున్న మగమనిషి ఎవరైనా రవ్వను పైకెత్తి చూసి, "ఇది వెడల్పుగా ఉంది, ఇదే తీసుకుందాం" అన్నాడంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కూడా రెండు మూడుసార్లు తగాదా పడ్డాను. "అయ్యా, రాయిని పైనుంచి కాదు, పక్కనుంచి చూడండి" అని చెప్పబోతే, ఈవిడెవరో తిక్కమనిషి అన్నట్టు చూశారు. చూడనీ. ఈ కోపం వాళ్ళమీద పుట్టింది కాదు. ఎనభైల మొదట్లో నరసరావుపేటలో ఒక దుకాణంలో పుట్టింది, ఇంతవరకూ చల్లారలేదు.

మాది గురజాల వైపు పల్లె. మా నాన్నకు పొలంతోపాటు నాపరాళ్ళ క్వారీ ఉండేది. నాపరాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. సందులో గునపం పెట్టి లేపితే పొర బండగా లేస్తుంది. ఆ బండ ఎంత వెడల్పుగా, ఎంత పలచగా లేస్తే అంత లాభం, ఎందుకంటే దాన్ని అమ్మేది చదరపు అడుగుల లెక్కన. మందపాటి బండ లారీకి బరువు, కూలీల నడుములకు చేటు. "మందం మోతకు, వెడల్పు అమ్మకానికి" అని మా నాన్న రోజుకు పదిసార్లు అనేవాడు. బండను సుత్తితో తట్టి, మోత విని, లోపల బీట ఉందో లేదో చెప్పేవాడు. మాచర్ల నుంచి కూడా వచ్చి రాయి చూడమని ఆయన్ను పిలుచుకుపోయేవాళ్ళు. రాయి సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు. ఆ తిరుగులేనితనమే మా కొంప ముంచింది.

మా అమ్మకు ఒక ఎకరం ఉండేది. పెళ్ళిలో మా తాత పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చేను. సాగర్ కుడికాలువ నీళ్ళు వచ్చాక అది బంగారుతునక అయింది. ఇంట్లో మిగతా డబ్బంతా నాన్న చేతుల మీదుగా నడిచేది, ఈ ఎకరం మీద వచ్చిన దాన్ని మాత్రం అమ్మ ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టేది. నన్ను నరసరావుపేటలో హాస్టల్లో పెట్టి బి.ఎస్సీ. చదివించింది ఆ ఎకరమే. "ఆడపిల్లకు ఇంటర్ చాల్లే" అని నాన్న అంటే అమ్మ వాదన పెట్టుకోలేదు. ఫీజు కట్టేసి వచ్చింది.

నేను రెండో సంవత్సరంలో ఉండగా నాన్నకు కంప్రెషర్ పిచ్చి పట్టింది. పక్క క్వారీలో కంప్రెషర్ వచ్చింది, డ్రిల్లుతో ఒక్క పూటలో వాళ్ళు తీసే రాయి మనవాళ్ళు వారం తీసినా రాదు, కాబట్టి అమ్మ ఎకరం అమ్మాలి. ఇదీ ఆయన తర్కం. తన పొలంలో ఒక ఎకరం అమ్మొచ్చుగదా అని నేను అడిగితే, "పిత్రార్జితం అమ్ముకుంటారంటే?" అన్నాడు. అమ్మకు వచ్చింది మాత్రం ఎవరి ఆర్జితమో! నెలరోజులు ఇంట్లో అదే రభస. కంచం ముందు అదే మాట, వాకిట్లో అదే మాట. చివరికి అమ్మ సంతకం పెట్టడానికి ఒప్పుకుంది. ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నాకు రవ్వల దుద్దులు కొనిపెట్టాలి. ఒంటిరాయివి. మిగతాది మీ ఇష్టం."

నాకు ఆశ్చర్యమేసింది. మెడలో నానుతాడు తప్ప ఇంకొకటి అడగని మనిషికి ఈ వయసులో ఈ సోకేమిటా అనుకున్నాను. ఎకరం పోతుంటే దుద్దులు అడుగుతుందా అని చిన్నచూపు కూడా కలిగింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ వయసులో తల్లులంటే మనకు అంతకంటే తెలియదు.

రిజిస్ట్రేషన్ అయిన వారానికి అమ్మా నాన్నా ఎర్రబస్సులో నరసరావుపేట వచ్చి నన్ను హాస్టల్ నుంచి తీసుకుపోయారు. నన్ను ఎందుకు తీసుకుపోయారో కూడా చెప్పాలి. బిల్లు ఇంగ్లీషులో ఉంటే చదవడానికి. అంతవరకే నా పని.

దుకాణంలో పరుపు మీద తెల్లదుప్పటి పరిచి కూర్చోబెట్టారు. షావుకారు మావాళ్ళకు ఎప్పటినుంచో తెలిసినవాడు. నాన్నను బావగారూ అనేవాడు. తెల్లకాగితం పొట్లాలు రెండు తెచ్చాడు. విప్పితే లోపల లేత నీలం కాగితం. ఆ నీలం మీద ఏ రాయైనా తెల్లగానే కనబడుతుందని నాకు తరవాతెప్పుడో తెలిసింది. ఒక్కో పొట్లంలో ఒక్కో జత. నల్లటి మైనం ముద్దమీద నాలుగు రాళ్ళనూ అద్ది మా ముందు పెట్టాడు.

ఒక జత కంటికి పెద్దది. రెండో జత దానికంటే చిన్నగా ఉంది. నాన్న చెయ్యి నేరుగా పెద్ద జత మీదికి పోయింది.

"తూకం రెంటిదీ ఒకటే బావగారూ. ఇంచుమించు ఒకటే ఖరీదు. ఇంక వెడల్పు మీరే చూసుకోండి," అన్నాడు షావుకారు.

మా నాన్న మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు బాగా గుర్తు, ఎందుకంటే రాళ్ళలో అంత వెలుగు లేదు. ఆయన లెక్క ఆయనకు తేలిపోయింది. తూకం ఒకటే అయినప్పుడు వెడల్పు ఎక్కువున్న రాయి కొనడం లాభం. నాపరాయి కొలతను తీసుకొచ్చి రవ్వకు పెట్టాడు. షావుకారుకు రాయి తెలియదని, తాను వాణ్ణి బోల్తా కొట్టిస్తున్నానని పైకి కనబడనీయకుండా సంబరపడ్డాడు. అమ్మ చెవికేసి వంగి, "పిచ్చోడే. పెద్దయి అదే రేటుకిస్తన్నాడు," అన్నాడు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. ఆ నెలలోనే మా ఫిజిక్స్ లెక్చరర్ కాంతి పాఠం చెప్పాడు, రవ్వ ఎందుకు మెరుస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. నేను మైనం ముద్దను చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూశాను. మైనంలోంచి పెద్ద రాయిని గోటితో లేపితే దాని కింద గుంట పడీ పడనట్టుంది. చిన్నదాని కింద లోతైన గుంట ఉంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. గుండ్రటి రవ్వను పక్కనుంచి చూస్తే పిల్లల బొంగరంలా ఉంటుంది. పైన చదునైన పలక, దాని చుట్టూ వాలుగా దిగిన పైభాగం, మధ్యలో సన్నటి నడుము, కింద మొనదేలిన అడుగు. వెలుతురు పైనుంచి లోపలికి దిగుతుంది. అడుగు గోడల వాలు సరిగ్గా ఉంటే ఒక గోడకు తగిలి, ఎదుటి గోడకు తగిలి, తిరిగి పైకొచ్చి మన కంట్లో పడుతుంది. తళుకంటే అదే. అడుగు మరీ లోతైతే రెండో గోడ దగ్గర వెలుతురు జారిపోయి రాయి నడిమధ్య నల్లబడుతుంది. మరీ పలచనైతే ఆ వెలుతురు కిందికి కారిపోతుంది, నడుము అంచు లోపల బూడిదరంగు వలయంలా కనబడి రాయి చేపకన్నులా తేలిపోతుంది. అందుకని మొత్తం లోతు వెడల్పులో పదింట ఆరు వంతుల దగ్గర ఉండాలంటారు. పై పలక వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ ఉంటే చాలు, అంతకు మించి పరిస్తే రంగులు చావడం మొదలవుతాయి. నడుము కత్తి అంచులా ఉంటే పెచ్చు లేచే ప్రమాదం, మందంగా ఉంటే కంటికి కనబడని బరువుకు డబ్బు పోస్తాం. ఇందులో సగం నాకు ఆరోజు తెలియదు. తరవాత పంతం పట్టి నేర్చుకున్నాను. కానీ వెలుతురు కిందికి కారిపోతుందన్న ఒక్క ముక్క మాత్రం ఆరోజే తెలుసు.

చెప్పాను. "నాన్నా, ఇది పలచటి రాయి. పైనుంచి పోయిన వెలుతురు వెనక్కి రాదు. చిన్నవే మంచివి," అన్నాను.

షావుకారు నవ్వాడు. "అమ్మాయి పుస్తకం బాగా చదివినట్టుందే. పాపా, పుస్తకంలో రవ్వ వేరు, చెవిలో రవ్వ వేరు. వెనక మూసి కడతాం గదా, ఇంక యాడికి పోద్దమ్మా వెలుతురు?"

నాన్న నవ్వలేదు. నలుగురిలో తన రాయి తెలివిని కూతురు కాదన్నది. "ఏందే నువ్వు నాకు రాయి చెప్పేది? నేను ముప్పై ఏళ్ళబట్టి ఏం చేస్తన్నా? నోరు మూసుకుని కూర్చో," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను మైనం ముద్దను దుప్పటి మీద పెట్టేశాను. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ రాళ్ళకేసి చూస్తోంది. ఆమెను మా నాన్న అడగలేదు, షావుకారు అడగలేదు. నేనూ అడగలేదు.

అయినా బేరం అక్కడే తెగలేదు. మా వైపు రవ్వను కొనే ముందు ఇంట్లో మూడు రాత్రులు పెట్టుకుని చూడాలి. పెట్టుకోబోయే మనిషి తలగడ కింద ఉంచుకుని పడుకోవాలి. మంచి కల వస్తే రవ్వ పడ్డట్టు. చెడ్డ కల వచ్చినా, ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలినా, గేదె పాలివ్వకపోయినా పడనట్టు. వెనక్కి ఇచ్చేయాలి. ఎంత పెద్ద షావుకారైనా ఈ ఆచారానికి తలవంచాల్సిందే. తెలిసిన ఇల్లు కాబట్టి రెండు పొట్లాలూ ఇచ్చి పంపాడు. శనివారం కాబట్టి నేనూ వాళ్ళతో ఊరికి బయలుదేరాను.

ఆ మూడు రోజులకూ అధికారి మా మేనత్త. నాన్నకు అక్క, మా పక్కింట్లోనే ఉండేది. ఆచారాలన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. పెద్ద జతను పసుపుగుడ్డలో కట్టి అమ్మ తలగడ కింద పెట్టించింది. చిన్న జతను బీరువాలో పెట్టమంది. "రెండూ ఒకేసారి చూడగూడదు. ఇంకో సంగతి ఇనుకో. ఒకసారి పడలేదని తేలిందంటే ఆ మనిషికి రవ్వ జాతే అచ్చిరానట్టు. ఇంక జన్మలో రవ్వ మాట ఎత్తగూడదు," అంది అమ్మతో.

నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని, "అచ్చిరాకపోతే మానెయ్. నాకేం నష్టం?" అన్నాడు.

ఈ రెండు మాటలూ నేను విన్నాను. విని, మూఢనమ్మకాలని మనసులోనే కొట్టిపారేశాను. చదువుకున్నదాన్ని గదా.

ఆదివారం పొద్దున అమ్మ స్నానానికి పోయినప్పుడు నాలుగు రాళ్ళనూ తీసి నా ఫిజిక్స్ పుస్తకం మీద పెట్టాను. పలక కిందికి, మొన పైకి ఉండేట్టు బోర్లించి, మొన వైపు నుంచి అక్షరాలు చూశాను. చిన్న రాయి కింద అక్షరం జాడే లేదు, ఒట్టి తళుకు. పెద్ద రాయి కింద అక్షరం వంకరగా అయినా కనబడుతోంది. వెలుతురు తిన్నగా దూసుకుపోతోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? పరుగెత్తుకుంటూ వెళ్ళి నాన్నను లాక్కొచ్చాను.

ఆయన వంగి చూశాడు. చిన్న రాయి చూశాడు, పెద్ద రాయి చూశాడు. మళ్ళీ పెద్ద రాయి చూశాడు.

"చూసినావా, ఎంత తేటగా ఉందో! అక్షరం అక్షరం కనపడతంది. నీళ్ళున్న రాయంటే ఇదే. చిన్నదాంట్లో ఏముంది, అంతా గజిబిజి," అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నేను కేకలు వేశాను. పుస్తకం నేలకేసి కొట్టాను. మేనత్త వచ్చి, "రవ్వలు ఇంట్లో పెట్టుకుని ఈ రంకెలేందే? పెద్దోళ్ళు చూసుకుంటారు, నీకెందుకు?" అని నన్ను అవతలికి తరిమింది. ఆయనకు తెలియకపోవడం మీద నాకు కోపం లేదు. తెలియనిదాన్ని తెలుసనుకుని, తెలిసినదాని నోరు నొక్కడం మీదే నా కోపమంతా. ఆ ఇంట్లో తెలివికి మగవాడి గొంతు ఉంటేనే తెలివని పేరు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఫిజిక్స్ ఓడిపోయింది గాని కల ఓడిపోదు. మా నాన్న కూడా కాదనలేని మాట ఆ ఇంట్లో అదొక్కటే. సోమవారం సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే పక్కన చేరాను.

"అమ్మా, రేపు పొద్దున అత్త అడిగినప్పుడు చెడ్డ కల వచ్చిందని చెప్పు. పాము కనపడిందను. ఇల్లు కాలిందను. ఏదో ఒకటి. ఆ పెద్ద రాళ్ళు దండగ. వెనక్కి పంపించేయొచ్చు."

అమ్మ తొడిమలు తీస్తూనే ఉంది. "అబద్ధం చెప్పమంటావా?" అంది.

"నిజం చెప్తే విన్నారా? అబద్ధమే చెప్పు."

అమ్మ ఇంకో మిరపకాయ అందుకుంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మంగళవారం పొద్దున మేనత్త వచ్చి కూర్చుంది. నాన్న చుట్ట వెలిగించుకుని గడప దగ్గర నిలబడ్డాడు. "చెప్పవే, ఏం కలొచ్చింది?" అని మేనత్త అడిగింది. నేను అమ్మ మొహం చూస్తున్నాను.

"మంచి కలే వచ్చింది వదినా. కాలవ నిండుగా పారతన్నట్టు, ఎవరో పెద్ద ముత్తైదువ నాకు పసుపు ఇచ్చినట్టు," అంది అమ్మ.

మేనత్త చేతులెత్తి దణ్ణం పెట్టింది. నాన్న నా వంక చూసి మీసం దువ్వాడు. నేను చెప్పులేసుకుని బస్సుకు నడిచాను. గురజాల దాకా కళ్ళనీళ్ళు ఆగలేదు. నాన్న మీద కోపం సగం తగ్గి, ఆ సగం అమ్మ మీదికి మళ్ళింది. నోటి దగ్గరికి తెచ్చి పెడితే కాలదన్నుకుంది. ఎకరం అమ్ముకుని సెంట్లు కొనుక్కుంది, రవ్వనూ సెంట్లలోనే తూస్తారు గదా, ఆ సెంట్లు కూడా చచ్చిన రాళ్ళు. ఇలాంటి అమాయకత్వానికి మందు లేదనుకున్నాను.

చిన్న జత దుకాణానికి వెనక్కి పోయింది. పెద్ద జతను బంగారు గూటిలో, వెనక తళుకు రేకు వేసి, మూసి కట్టించారు. మొదటి ఏడాది ఆ రేకు మెరుపే రాయి మెరుపనుకున్నారు జనం. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు అమ్మ చెవులు పట్టుకుని చూసేవాళ్ళు. "ఎంత పెద్ద రవ్వలో!" అనేవాళ్ళు. ఎంత మంచి రవ్వలో అని ఒక్కరూ అనలేదు, నేను చెవులు రిక్కించి వినేదాన్ని. నాన్న మాత్రం షావుకారును తాను ఎలా బుట్టలో వేసిందీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కంప్రెషర్ రెండేళ్ళు పనిచేసి మూలన పడింది. క్వారీలో నీళ్ళు ఊరి రాయి దొరకడం తగ్గింది. ఆ ఇనుముకు తుప్పు పట్టింది. ఎకరం మాత్రం కొన్నవాడికి ఏటా పండుతూనే ఉంది.

నేను ఎమ్మెస్సీ చేసి ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కుదురుకున్నాను. కాంతి పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఒక కథ చెప్పి నవ్వించేదాన్ని. "మా ఊళ్ళో ఒకావిడ ఉంది. రవ్వ మంచిదో కాదో తలగడ కింద పెట్టుకుని నిద్రలో కనిపెట్టేది," అని. ఆవిడ మా అమ్మ అని చెప్పేదాన్ని కాదు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

దుద్దులు కొన్న ఆరేళ్ళకు అవి పూర్తిగా మసకబారాయి. వెనక తెరిచి, గాలీ వెలుతురూ తగిలేట్టు కొత్తగా కట్టిస్తానని నేనే అన్నాను. జీతం అందుకుంటున్న రోజులు. నరసరావుపేటలో రాళ్ళు కట్టడంలో చేయి తిరిగిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి అమ్మను తీసుకుపోతుంటే నాన్న కూడా కండువా వేసుకుని బయలుదేరాడు. తాను ఎంచిన రాళ్ళు చూసి ఆ పెద్దాయన ఏమంటాడో వినాలని.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని, సన్నటి ఉలితో వెనక బంగారాన్ని మెల్లగా లేపాడు. లోపల రేకు మసిబారి నల్లగా ఉంది. రేకు తీసేసి రాళ్ళను కడిగి, అరచేతిలో పక్కమీదికి తిప్పి చూశాడు. చిన్న కొలతగేజీ పెట్టి లోతు చూశాడు, వెడల్పు చూశాడు. రెండోసారి చూశాడు.

"రవ్వలేనమ్మా, రవ్వలు కాదనను. కానీ లోతు వెడల్పులో సగం గూడా లేదు. రేకు మెరుపుతో బతికినై ఇన్నాళ్ళూ. వెనక తెరిచి కడితే గాజుముక్కల్లా కనపడతాయి," అన్నాడు.

ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట. "నేను ఆరోజే చెప్పాను," అన్నాను నాన్న వైపు తిరిగి. గట్టిగానే అన్నాను, వీధిలోకి వినబడేట్టు. ఆయన తల దించుకుంటాడని నేను ఆరేళ్ళు కలలు కన్నాను. దించుకోలేదు. ముందు షావుకారును, వాడి ఏడు తరాలనూ తిట్టాడు. తరవాత అమ్మ మీదికి తిరిగాడు.

"నువ్వేగా మంచి కలొచ్చిందన్నావు! నీ మాట నమ్మేగా నేను కొన్నది! పడలేదని ఒక్క ముక్క అంటే ఆరోజే వాడి మొహాన కొట్టేవాణ్ణిగా!"

ఆ ఇంట్లో ఆయన చేసిన తప్పు ఆయన దగ్గర ఒక్క పూట కూడా నిలవదు, సాయంత్రానికల్లా అమ్మ గుమ్మం ముందుకు వచ్చి చేరుతుంది. నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు ఏ కలా రాలా," అంది.

నాన్న తెల్లమొహం వేశాడు. "మరి?"

"అయి బాగలేవని నాకు తెలుసు. రెండో రోజు పొద్దున పొయ్యి ముందు కూర్చుని నాలుగూ అరచేతిలో పెట్టుకుని చూశా. చిన్నయి నిప్పురవ్వల్లా ఎగిరినై. పెద్దయి అట్టా పడున్నై, చచ్చినట్టు. దానికి పుస్తకం ఎందుకు, కళ్ళుంటే చాలు."

"తెలిసి ఎందుకమ్మా మంచి కలన్నావు?" అని అరిచింది నేను. నాన్న కాదు.

అమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసి చెప్పింది. "పడలేదంటే ఇంక రవ్వ జాతే నాకు లేదని మీ అత్త చెప్పిందిగా. రెండు జతలూ వెనక్కి పొయ్యేయి. ఆ డబ్బు గూడా కంప్రెషర్లో పోసేవాళ్ళు. అప్పుడు నాకేం మిగిలేదే? ఎకరం పోయే, దుద్దులు పోయే. చచ్చినయ్యో బతికినయ్యో, నా చెవిలో ఉంటే నాయి గదా అనుకున్నా."

నాన్న కండువా దులుపుకుని వీధిలోకి పోయాడు. ఆయన పోయింది సిగ్గుతోనో కోపంతోనో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నాకు మిగిలింది నేను క్లాసులో చెప్పి నవ్విన కథ ఒక్కటే. ఎన్ని సెక్షన్ల పిల్లలు నవ్వారో అన్నీ గుర్తొచ్చాయి. మా నాన్న ఒక దుకాణంలో ఒకసారి నా నోరు మూయించాడు. నేను అమ్మను ఏటా అరవైమంది ముందు నిలబెట్టి నవ్వించాను. అంత కోపం నా మీద నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"అమ్మా, వీటిని ఇచ్చేద్దాం. నా జీతం పెట్టి మంచివి కొంటాను. ఈసారి నువ్వే చూసి తీసుకో," అన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ డబ్బులతో కొంటే అయి నువ్వు పెట్టినయ్యి. ఇయ్యి నా పొలం," అంది. తరవాత పెద్దాయన వైపు తిరిగి, "కొత్త రేకు వేసి ఎనక మూసెయ్యండి అన్నా, సాయంత్రం బస్సుకు పోవాల," అంది.